కీబోర్డు కొట్టే చేతిరాత

శుభలేఖ మీద వధూవరుల పేర్లు, కథల పుస్తకం అట్ట, ఆవకాయ సీసా లేబులు, కర్రీ పాయింటు బోర్డు... అన్నిటి మీదా ఒకే కుదురు అక్షరాలు పలకరిస్తుంటాయి. గుండ్రంగా, విలాసంగా, ఇప్పుడే ఎవరో రాసి లేచినట్టు. చూడగానే ‘బాపు అక్షరాలు’ అనేస్తాం. చిత్రకారుడు బాపు (1933–2014) బొమ్మతో పాటు కథ పేరూ తానే రాసేవారు. బొమ్మకీ అక్షరానికీ చెయ్యి ఒకటే కాబట్టి రెండిటికీ ఒకే హొయలు. ఆ రాతే తర్వాత డీటీపీ సెంటర్లలో ‘బాపు ఫాంటు’గా స్థిరపడింది.

చేతిరాతను ఫాంటుగా మార్చడం తేలిక పనేం కాదు. ఇంగ్లీషుకు చిన్నా పెద్దా కలిపి 52 అక్షరాలు గీస్తే చాలావరకు గట్టెక్కినట్టే. మనకు గుణింతాలు, వత్తులు, వత్తున్న అక్షరానికి మళ్లీ గుణింతం! వందల రూపాలు గియ్యాలి. అంతా అయ్యాక ‘అమ్మమ్మ’ అని కొట్టి చూడండి. రెండు ‘మ్మ’లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. మనిషి చెయ్యి అలా రాయదు. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, సందర్భాన్నిబట్టి మార్చే ఏర్పాటు ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాటులో ఉంది. తెలుగులో అంత ఓపిక పట్టినవారు తక్కువే.

ఇక వాడకం. ఈ చేతిరాత ఫాంట్లు మాట్లాడతాయి, అందుకే నాలుగు మాటలకే బాగుంటాయి. పేజీ నిండా పరిస్తే కళ్లు లాగుతాయి. ఇంగ్లీషులోనూ అంతే. 1994లో విన్సెంట్ కోనేర్ కామిక్ శాన్స్ అనే ఫాంటును గీసింది, మైక్రోసాఫ్ట్ బాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడే బొమ్మకుక్క కోసం. దాన్ని జనం ఆఫీసు నోటీసులకూ ఎక్కించారు. 2012 జులైలో సెర్న్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ అనే కణం సంగతిని ఆ అక్షరాల్లోనే చూపిస్తే, ఇంత పెద్ద కబురుకు ఈ అక్షరాలా అని లోకం నవ్వింది. తప్పు ఫాంటుది కాదు, పెట్టిన చోటుది. మన దగ్గర శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద గెంతులేసే అక్షరాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో ‘లక్కిరెడ్డి’ చేతిరాత తరహాదే. అప్పాజీ అంబరీష దర్భా దాన్ని 2013లో రూపొందించారు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, వ్యాపారానికీ వాడుకోవచ్చు. శుభలేఖలో పేర్లకు అది పెట్టి, ముహూర్తం, వేదిక, ఫోన్ నంబర్లకు ‘మండలి’ లాంటి సాదా ఫాంటు పెడితే పెద్దవాళ్లు కళ్లజోడు కోసం వెతుక్కోరు.

ఒక్క జాగ్రత్త. పాత ఫోటోషాప్‌లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ప్రింటుకు పంపేముందు ప్రూఫులో ‘శ్రీ’, ‘లక్ష్మి’ సరిగ్గా వచ్చాయో లేదో మీరే చూసుకోండి.