మెటల్ పాటను సిఫారసు చేసేదెవరు: స్నేహితుడా, యంత్రమా?

అండమాన్‌లోని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లో ఉండే ఒక తెలుగు కుర్రాడికి ఒక హెవీ మెటల్ పాట తెగ నచ్చిందనుకుందాం. వెంటనే దాని లింకును విశాఖపట్నంలోని స్నేహితుడికి పంపి, "ఒక్కసారి వినరా" అంటాడు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు అక్కడ కొత్త కాదు. అయితే ఆ చిన్న సందేశం వెనుక శబ్దశాస్త్రం, సముద్రగర్భ కేబుల్, గణితం కలిసి పనిచేస్తాయి.

ఆ 'బరువు' ఎక్కడిది?

మెటల్ సంగీతానికి గుర్తింపు తెచ్చింది గరగరలాడే గిటార్ శబ్దం. దీన్ని డిస్టార్షన్ అంటారు. గిటార్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని ఆంప్లిఫయర్ పరిమితికి మించి పెంచితే తరంగాల శిఖరాలు తెగిపోతాయి. అప్పుడు మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలున్న అనుస్వరాలు కూడా బలంగా వినిపిస్తాయి. 110, 165 హెర్ట్జ్ స్వరాలను కలిపి వాయిస్తే, వాటి భేదమైన 55 హెర్ట్జ్ స్వరం కూడా డిస్టార్షన్ వల్ల పుడుతుంది. తీగపై ఎవరూ మీటని ఈ లోతైన స్వరమే వినేవారి గుండెను తాకే 'బరువు'కు ఒక కారణం.

ఇంత దట్టమైన శబ్దాన్ని చిన్న ఫైలులో కుదించడం తేలిక కాదు. నాణ్యత బాగా తగ్గిస్తే ముందుగా డ్రమ్స్‌లోని తాళాల మోత చెదిరిపోయి, నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతతో ఉన్న అయిదు నిమిషాల పాటకు దాదాపు 12 మెగాబైట్లు కావాలి.

దీవికి చేరే దారి

ఒకప్పుడు అండమాన్‌లో ఆ 12 మెగాబైట్లు కూడా భారమే. 2020 వరకు అక్కడి ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాలపై ఆధారపడేది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి పావు సెకను పడుతుంది. అసలు ఇబ్బంది మాత్రం ఆలస్యం కాదు, అందుబాటులో ఉన్న కొద్దిపాటి సామర్థ్యాన్ని దీవులన్నీ పంచుకోవాల్సి రావడం.

చెన్నై నుంచి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ తదితర ప్రాంతాలను అది కలిపింది. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రకటించిన సామర్థ్యం సెకనుకు 400 గిగాబిట్లు. లెక్క ప్రకారం చూస్తే, పైన చెప్పిన పాటలాంటివి సెకనుకు నాలుగు వేలకు పైగా పంపవచ్చు.

యంత్రం రుచిని ఎలా పసిగడుతుంది?

పాటలు అందుబాటులోకి వచ్చాక కొత్త సమస్య ఎదురవుతుంది. కోట్ల పాటల్లో ఏది వినాలి? 1994లో అమెరికాలోని ఎంఐటీలో 'రింగో' అనే వ్యవస్థ దీనికి ఒక దారి చూపింది. శ్రోతలు కళాకారులకు మార్కులు వేసి ఈ-మెయిల్‌లో పంపేవారు. ఒకే రకంగా మార్కులు వేసినవారిని రింగో గుర్తించి, ఒకరికి నచ్చినదాన్ని మరొకరికి సూచించేది. నోటి మాటను యంత్రానికి నేర్పడమే దాని ఉద్దేశం.

నేటి సేవల్లోనూ ఈ సూత్రం కీలకమే. ఇద్దరు శ్రోతలకు పది పాటలు ఉమ్మడిగా నచ్చాయనుకుందాం. మొదటివారు మెచ్చిన పదకొండో పాట రెండోవారికీ నచ్చవచ్చని యంత్రం అంచనా వేస్తుంది. పాటను చివరిదాకా వినడం, దాచుకోవడం, మధ్యలో దాటేయడం, అన్నీ దానికి ఆధారాలే.

తక్కువ మంది వినే పాట

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. చాలామంది విన్న పాటకు ఆధారాలు ఎక్కువ కనుక అదే పదేపదే తెరపైకి వస్తుంది. హైదరాబాద్ డెత్ మెటల్ బృందం 'గాడ్‌లెస్' వంటివారి పాటలకు సినిమా పాటలంత శ్రోతలు ఉండరు. ఇక నిన్న విడుదలైన పాటకైతే ఆధారాలే ఉండవు. 2020లో ఆస్ట్రియా పరిశోధకులు లాస్ట్ ఎఫ్ఎం అనే సేవకు చెందిన 3,000 మంది శ్రోతల సమాచారాన్ని విశ్లేషించారు. జనాదరణకు దూరంగా ఉండే సంగీతాన్ని ఇష్టపడేవారికే నాణ్యత లేని సిఫారసులు అందుతున్నాయని తేల్చారు.

ఈ లోటును పూడ్చేందుకు కొన్ని వ్యవస్థలు పాటను ఎవరు విన్నారన్నదే కాక, దాని లయను, స్వరాల తీరును, డిస్టార్షన్ గాఢతను కూడా నేరుగా విశ్లేషిస్తాయి. అప్పుడు శ్రోతలు లేని పాటకూ పోలికలు దొరుకుతాయి.

అయినా స్నేహితుడి సిఫారసుకు ఉన్న విలువ తగ్గదు. "మొదటి రెండు నిమిషాలు ఓపిక పట్టు, ఆ తర్వాత గిటార్ మారే తీరు చూడు" అని అతడు చెప్పగలడు. ఆ మాట నమ్మి విశాఖలోని శ్రోత పాటను చివరిదాకా వింటే, యంత్రానికి కొత్త ఆధారం దొరుకుతుంది. ఆ ఆధారంతోనే అది ఆ పాటను మరో ఊళ్లోని ఇంకో శ్రోతకు చేర్చగలుగుతుంది. తక్కువ మంది వినే సంగీతానికి ఆ మొదటి అడుగు చాలాసార్లు మనిషే వేయాల్సి వస్తుంది.