సీరియస్ అంటే ఎంత సీరియస్?

ఇంగ్లీషు నుంచి మనం అప్పు తెచ్చుకున్న విశేషణాల్లో 'సీరియస్' అన్నదానిచేత చేయించినంత చాకిరీ మరే మాటచేతా చేయించి ఉండము. కుర్రవాడు సీరియస్‌గా చదువుతున్నాడంటే శ్రద్ధ. మేనేజరు సీరియస్ అయ్యాడంటే కోపం. "ఏమిటోయ్, అంత సీరియస్‌గా ఉన్నావు?" అంటే మూతి ముడుచుకున్నావని. మన పత్రికల్లో "హైకోర్టు సీరియస్" అని శీర్షిక కనబడితే న్యాయమూర్తులు మండిపడ్డారన్నమాట. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే, ఇన్నాళ్ళూ కోర్టు వేళాకోళమాడుతోందా అని అడుగుతాడు దొర.

వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. మా వృత్తికి తగిలేది నాలుగో అర్థం: "నాన్నగారు సీరియస్."

ఇంగ్లీషులో మనిషి సీరియస్ అంటే పరిహాసమాడడం లేదని. జబ్బు గురించి అయితే ఆయన 'పరిస్థితి' సీరియస్ అనాలి. టెలిగ్రాంలో మాటకింతని రుసుము గనుక ఆ పరిస్థితి కాస్తా ఎగిరిపోయింది కాబోలు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ" అన్న తంతి అందుకోని ఇల్లు మన వైపు తక్కువ. ఇండియాలో టెలిగ్రాం 2013 జూలైలో మూతబడింది గాని, ఆ మాట వాట్సాప్‌లోకి కాపురం మార్చింది.

వైద్యుల భాషలో దీనికో కొలత ఉంది. అమెరికా ఆస్పత్రులు రోగి స్థితిని బయటివారికి చెప్పేటప్పుడు గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్ అని మెట్లుగా చెబుతాయి. అంటే సీరియస్ అన్నది చివరి మెట్టు కాదు. మందుల పరీక్షల్లో మరో సంగతి: 'సివియర్' అంటే బాధ తీవ్రత, 'సీరియస్' అంటే ప్రాణానికో, అవయవానికో ముప్పు, లేదా ఆస్పత్రిలో చేర్చవలసి రావడం. తల పగిలిపోయే నొప్పి సివియరే గాని, సీరియస్ కానక్కరలేదు.

ఇక మన పెద్దలకి ఈ మాట అవసరమే లేకపోయింది. ఒంట్లో నలతగా ఉంది, మంచం పట్టాడు, ప్రాణం మీదికి వచ్చింది, కొన ఊపిరితో ఉన్నాడు, పోయాడు. వింటే ఎంత దూరంలో ఉన్నాడో తెలిసిపోయేది. ఇవన్నీ మడిచి ఒక్క సీరియస్‌లో పెట్టేశాం. ఆఖరుదానితో సహా. చిక్కంతా అక్కడే.

దుబాయిలో మనవాళ్ళు సోనాపూర్ అని పిలుచుకునే కార్మికుల వాడ ఒకటుంది. సర్కారు కాగితాల్లో ముహైస్నా 2. అక్కడినుంచి జగిత్యాల వైపు సోదరుడొకరు గుండెదడ అంటూ మా దగ్గరకు వచ్చారు. ఇసిజి తీశాం, గుండెకేమీ లేదు. "నాయిన సీరియస్‌గ ఉన్నడట సార్. దవాఖానకు పైసలు పంపాలె, దోస్తుల కాడ బదులు తెచ్చిన" అన్నారు. ఏ దవాఖాన అంటే తెలియదు. ఆయన ఫోనులోనే తమ్ముణ్ణి పలకరించి, డాక్టర్లమని చెప్పాం. తెలివి ఉందా అంటే జవాబు లేదు. ఊపిరి ఎలా ఉందంటే ఫోను చేతులు మారింది. పెద్దాయనెవరో అందుకుని, "ఆయన పొద్దుగాలనే పోయిండు డాక్టర్ సాబ్. పోరడు ఒక్కడే వస్తడు గద, తొవ్వల ఆగమైతడని చెప్పలే" అన్నారు.

అందులో ప్రేమే తప్ప మోసం లేదు. అయినా మేము ఆయన్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఉన్నమాట చెప్పాం. ఏడ్చారు. తరువాత అడిగిన మొదటి మాట, తను వచ్చేదాకా ఆపుతారా అని. బదులు తెచ్చిన డబ్బు టిక్కెట్టుకి సరిపోయింది. ఆ రాత్రి విమానానికే వెళ్ళారు. ఆ డబ్బు ఆస్పత్రికని పంపేసి, జీతం రోజుదాకా ఆగి ఉంటే తలకొరివి మరొకరు పెట్టేవారు.

ఇక్కడి చట్టానికీ ఈ తేడా తెలుసు. 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టం 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రైవేటు ఉద్యోగికి తల్లో తండ్రో పోతే జీతంతో మూడు రోజుల సెలవు, భార్యో భర్తో పోతే ఐదు రోజులు. లెక్క మొదలయ్యేది మరణించిన రోజునుంచి, మనకి కబురు తెలిసిన రోజునుంచి కాదు. ఊళ్ళో రెండు రోజులు దాచిపెట్టిన నిజానికి మిగిలేది ఒక్క రోజు. 'సీరియస్'కి విడిగా సెలవేమీ లేదు. వార్షిక సెలవులోంచి అడుక్కోవలసిందే.

అంచేత ఫోను వచ్చినప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే లాభం లేదు, "సీరియస్" అనే వస్తుంది. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి తనంతట తీస్తున్నారా, యంత్రం పెట్టారా, డ్యూటీ డాక్టరుతో మాట్లాడవచ్చునా, ఇవి అడగాలి. "స్టేబుల్‌గా ఉన్నారట" అంటే సంబరపడనక్కరలేదు. యంత్రం మీద ఉన్నవారు కూడా స్టేబుల్‌గానే ఉండవచ్చు, మార్పు లేదని దాని అర్థం. జవాబులు చెప్పలేక ఫోను ఒకరి చేతినుంచి ఇంకొకరికి పోతూంటే మాత్రం డబ్బు పంపకండి, టిక్కెట్టుకి ఉంచుకోండి.