డాక్టర్లూ... మళ్లీ బడికి!

మా బోథ్‌లో ఆడపిల్లలు కబడ్డీ, ఖోఖో ఆడుతుంటే ముచ్చటేస్తుంది. కానీ మోకాలు మెలిపడిందంటే చాలు, పసరు కట్టు, తోముడు మొదలు! ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే "ఏం గాలేదు, పోయి ఆడుకో" అనేస్తాం.

తెగింది లిగమెంటైతే? అది ఎక్స్‌రేలో కనబడదు. 'టప్‌'మని శబ్దమొచ్చి, కొద్ది గంటల్లోనే మోకాలు వాచిందంటే అనుమానించాల్సిందే. ఒకే ఆట ఆడినా మగపిల్లల కన్నా ఆడపిల్లలకే ఈ దెబ్బ ఎక్కువ. మోకాలు కాస్త వంచి, కాలి ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షకు యంత్రాలక్కర్లేదు, తర్ఫీదైన చేతులు చాలు.

ఆ తర్ఫీదు కాలేజీతో ఆగిపోకూడదు. డాక్టర్లు 5 ఏళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలని భారత వైద్య మండలి 2002లో నియమం పెట్టింది. అందులో కొన్ని గంటలు ఆటల గాయాలకివ్వకూడదా? ఆదిలాబాద్ రిమ్స్‌లో తరగతులు పెట్టి, మండలాల డాక్టర్లతో పాటు పీఈటీలనూ పిలిస్తే ఎంత మేలు! దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసే వ్యాయామాలు పీఈటీలు రోజూ చేయిస్తే చాలా దెబ్బలు తప్పుతాయి.

1994లో మోకాలు దెబ్బతిన్న పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. సరైన వైద్యం అందితే ఆట ఆగదు. అమ్మలూ, ఈసారి ఆసుపత్రికెళ్తే "లిగమెంటు కూడా చూడండి డాక్టరుగారూ" అని అడగండి. దెబ్బ తగిలిందని పిల్లను ఆట మాన్పించకండి.