కాంటా దగ్గరికి వెళ్లేముందు

నవంబరు సగం గడిచిందంటే రాయపూర్‌లో ఏ పత్రికాఫీసులో చూసినా వడ్ల కొనుగోళ్ల మాటే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహకార సొసైటీల ద్వారా ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా కొంటుంది. మద్దతు ధరా, దానిమీద రాష్ట్రం వేసిచ్చేదీ కలిపి క్వింటాలుకు 3,100 రూపాయలు రైతుకు ముడుతుంది. మొదటివారంలో ప్రతి చానెలూ ఒక కుర్ర విలేకరిని కొనుగోలు కేంద్రానికి పంపుతుంది. అతను మైకు చాపి, "కాకా, ఏమైనా ఇబ్బందులున్నాయా?" అంటాడు. రైతు పక్కనే నిలబడ్డ సొసైటీ మేనేజరు వంక ఒకసారి చూసి, "ఏం లేవు బేటా, అంతా బాగానే ఉంది" అంటాడు. వార్త అక్కడితో సరి.

ఆ రైతును తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మిగిలిన బస్తాలు తూయించుకోవడానికి మళ్లీ ఆ మేనేజరు దగ్గరికే రావాలి. ఊరందరి ముందూ అతనిమీద ఫిర్యాదు చెయ్యమని మనం అడుగుతున్నాం. ఎవరు చేస్తారు?

నాది ఇక్కడి డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ. రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో పనికోసం విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం మాది. ఉద్యోగమంతా హిందీ పత్రికల్లోనే గడిచింది. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పుతున్నాను. "దీదీ, సాయంత్రానికల్లా వార్త పంపాలి, ముందే చదువుకుని వెళ్లడానికి టైమెక్కడిది?" అని వాళ్ల గోల. అలా అన్నవాళ్లను కూర్చోబెట్టి ఒక లెక్క చేయిస్తాను.

ఇక్కడ బస్తాకు 40 కిలోలు. రెండెకరాల రైతు 42 క్వింటాళ్లు అమ్మితే 105 బస్తాలు. కొత్త గోనెసంచి బరువు ఆరువందల గ్రాములకు కాస్త తక్కువ. అంటే కాంటా మీద 40 కిలోల 600 గ్రాములు చూపిస్తే చాలు. బస్తాకు ఒక్క కిలో అదనంగా తూస్తే 105 కిలోలు పోయినట్టు. రూపాయల్లో 3,255. రెండెకరాలవాడికి అది చిన్న మొత్తం కాదు. ఈ లెక్క జేబులో పెట్టుకుని వెళ్లినవాడు "ఇబ్బందులున్నాయా" అని అడగడు. "కాకా, మీ బస్తా ఎంత తూగింది?" అని అడుగుతాడు. "41న్నర" అంటాడు రైతు, ఎవరి వంకా చూడకుండా. అంకె చెప్పాడంతే, ఎవరినీ ఏమీ అనలేదు. ఆ పైన సంచి బరువు ఎంత తీశారు, మిగతాది ఎందుకు తూశారు అన్న ప్రశ్నలు మేనేజరును అడగాల్సినవి. అవి అడగాల్సిన బాధ్యత విలేకరిది.

ఇంటర్వ్యూకు ముందు చేసే కసరత్తు విలేకరి తెలివి చూపించుకోవడానికని చాలామంది అనుకుంటారు. నేననుకునేది వేరు. బలం లేనివాడి నెత్తిమీది బరువును మనం ఎత్తుకోవడానికే ఆ కసరత్తంతా.

పల్లెల వార్తలు రాసే విలేకరి పి. సాయినాథ్ గురించి ఈ పిల్లలకు తప్పకుండా చెబుతాను. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు, మన తెలుగింటివాడు. తొంభైల్లో దేశంలోని అతి పేద జిల్లాలు తిరుగుతూ సర్గుజాకు వచ్చాడు. అప్పటికది మధ్యప్రదేశ్‌లో ఉంది. అక్కడి ఒక పల్లెకు పహాడీ కోర్వా ఆదివాసుల అభివృద్ధి పేరుమీద 17.44 లక్షల రూపాయలతో మూడు కిలోమీటర్ల రోడ్డు వేశారు. తీరా చూస్తే ఆ ఊళ్లో ఉన్న కోర్వా కుటుంబం ఒక్కటే. ఆ ఇంటాయనకు కావలసింది పాడైన బావి బాగుచేయడం, పొలానికి కాసిని నీళ్లు. 1996లో వచ్చిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకంలో ఆ కథనం ఉంది. డబ్బు ఎవరి పేరున వచ్చిందో తెలియని విలేకరి కంటికి అది మంచి రోడ్డు, అంతే. తెలిసినవాడు కాబట్టి ఆ ఒక్క ఇంటికి వెళ్లి, నీకేం కావాలని అడిగాడు.

పెద్దవాళ్లతో వ్యవహారం వేరు. సచివాలయం మహానది భవన్‌లో కూర్చునే అధికారికి మాటలకు కొదవుండదు. అతని ముందు కాగితం ఉండాలి: కాగ్ నివేదిక, అసెంబ్లీలో మంత్రి ఇచ్చిన జవాబు, సమాచార హక్కు కింద తెచ్చుకున్న ప్రతి. ఆ చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు గనుక డిసెంబరు ఇంటర్వ్యూకు దరఖాస్తు అక్టోబరులోనే పడాలి. 1977లో టీవీ కోసం డేవిడ్ ఫ్రాస్ట్ అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను దాదాపు 29 గంటలు ప్రశ్నించాడు. అందులో నిక్సన్ తడబడ్డ ఘట్టం వెనక జేమ్స్ రెస్టన్ అనే పరిశోధకుడి కష్టం ఉంది. నిక్సన్ తన అనుచరుడు కోల్సన్‌తో మాట్లాడిన సంభాషణ ప్రతిని అతను పాత రికార్డుల్లోంచి వెతికి పట్టాడు. అందరికీ అందుబాటులో ఉన్నదే, ఎవరూ తీసి చదవలేదు.

రచయితల్ని కలిసేటప్పుడు ఈ కసరత్తు మరోలా ఉంటుంది. మా ఊళ్లోనే ఉన్న వినోద్ కుమార్ శుక్లాకు 2025 మార్చిలో జ్ఞానపీఠం ప్రకటించారు. ఆ డిసెంబరులోనే ఆయన వెళ్లిపోయారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి ముందు కూర్చుని "అవార్డు వచ్చినందుకు ఎలా ఉంది?" అని అడిగితే ఆయన ఓపికను వృథా చేసినట్టే. 'నౌకర్ కీ కమీజ్'లో పనివాడి కోసం కుట్టించిన చొక్కా ఒక గుమాస్తాకు తొడుగుతారు. ఆ నవల చదివి వెళ్లినవాడు ఆ చొక్కా గురించి అడుగుతాడు. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పిన రోజుల గురించి అడుగుతాడు. అలాంటి ప్రశ్న వింటే ఏ రచయితైనా కాస్త ముందుకు జరిగి కూర్చుంటాడు.

మళ్లీ వడ్ల దగ్గరికే వస్తాను, ఈ సీజనులో నన్ను కుదురుగా ఉండనివ్వనిది అక్కడే ఉంది. సొసైటీ జాబితాలో ఉండేది చాలావరకు భూమి యజమాని పేరే. కౌలుకు చేసేవాడు, సగం పాలుకు చేసేవాడు అందులో కనిపించడం అరుదు. దున్నింది ఒకరు, వడ్లు అమ్ముకునే టోకెన్ మరొకరిది, డబ్బు పడేది ఆ మరొకరి ఖాతాలో. మన తెలుగు జిల్లాల్లో కౌలు రైతుకు ఉన్న చిక్కే ఇదీ. జాబితా చదువుకుని వెళ్లిన విలేకరికి కూడా కౌలుదారు కనిపించకపోవచ్చు. అందుకే ఈసారి పిల్లలకు ఇంకో పని అప్పగించాను. జాబితాలోంచి పది పేర్లు తీసుకుని ముందు ఊళ్లోకి వెళ్లాలి, ఆ పొలాలు నిజంగా ఎవరు చేస్తున్నారో కనుక్కోవాలి, కాంటా దగ్గరికి ఆ తర్వాతే. యజమాని లేనప్పుడు కౌలుదారును అడగాల్సిన ప్రశ్న కూడా రాసిచ్చాను: "క్వింటాలుకు 3,100లో మీ చేతికి ఎంతొచ్చింది, ఏ నెలలో వచ్చింది?"