ఎన్నవ యేఁట? ఏ వాద్యము? ఎంతవఱకు?

వార్షికోత్సవమునకు ఒక నెల ముందు మా పాఠశాల వసారాలో సాయంకాలములు సందడిగా నుండును. వాద్యములు నేర్చుకొను బాలబాలికలు తమతమ పెట్టెలతో అచ్చటఁ జేరుదురు. సంగీతోపాధ్యాయులు వచ్చులోపల వారి సంభాషణ యెల్లప్పుడును ఒకే రీతిగాఁ బ్రారంభమగును.

"ఏమోయి, నీ వెన్నవ యేఁట మొదలుపెట్టితివి?"

"ఆఱవ యేఁట."

"ఏ వాద్యము?"

"హార్మోనియము."

"ఎంతవఱకు వచ్చినది?"

"వర్ణములు చెప్పుచున్నారు."

ఈ మూఁడు ప్రశ్నలతో విచారణ ముగియును. ఎవరు మొనగాఁడో, ఎవరు వెనుకఁబడినవాఁడో అక్కడికక్కడే తేలిపోవును. ఇది పిల్లల యాట యని మేము చాలకాలము నవ్వుకొంటిమి. రెండేండ్ల క్రిందట నొక బాలుఁడు ఆ విచారణ జరిగిన మఱునాఁటినుండి సంగీతపాఠమునకు వచ్చుట మానివేసెను. వాఁడు పదునొకండేండ్లవాఁడు, ఈడునకుఁ గొంచెము కుఱచ. తాతగారి ఫిడేలు తెచ్చుకొని యెనిమిది నెలలుగా సరళీస్వరములు వాయించుచుండెను. వాని ప్రక్కనే తొమ్మిదేండ్ల బాలిక హార్మోనియముపై వర్ణము వినిపించెను. వాని తల్లి మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాఁడు ఆలస్యము చేసినాఁడా యండీ? ఇంక వానికిఁ జేయి తిరుగదా?" అని యడిగెను. మేము "అటువంటి దేమియు లేదమ్మా" యని చెప్పి పంపితిమి. ఆ సమాధానము మాకే తృప్తి నీయలేదు. ఆనాఁడు చెప్పవలసినదానిని ఇప్పుడు వ్రాయుచున్నాము.

మొదట వాద్యముమాట చూతము. హార్మోనియమున మెట్టు నొక్కినంతనే స్వరము పలుకును. నొక్కినవాఁడు ఆఱేండ్లవాఁడైనను, అఱువదియేండ్లవాఁడైనను షడ్జము షడ్జమే. దానిని శ్రుతిలో నుంచినవాఁడు వాద్యమును చేసిన పనివాఁడు గాని వాయించువాఁడు గాఁడు. కనుక మొదటి సంవత్సరమున ఆ వాద్యము పట్టిన పిల్లలు వడిగా ముందునకుఁ బోవుదురు. వారి కష్టము పిమ్మట వచ్చును. దానిపై గమకములు పలికించుట దుర్ఘటము. ఆ లోపమును జూపియే 1940 మొదలు 1971 వఱకు రేడియోలో దానికిఁ దావు లేకుండఁ జేసిరి. అది కొంచెము కఠినమైన శిక్ష యని మా యభిప్రాయము.

ఫిడేలు సంగతి వేఱు. దానిపై మెట్లు లేవు, గుర్తులు లేవు. వ్రేలు వెండ్రుకవాసి తప్పిన స్వరము తప్పును. కుడిచేత కమాను వంకరపోకుండ లాగుచు, ఎడమచేత స్వరస్థానమును వెదకుచు, చెవితో దానిని సరిచూచుకొనవలెను. అందుపైన మనవారు మొదటి పాఠములకు మాయామాళవగౌళ రాగమును నియమించిరి. ఆ రాగమున రిషభము షడ్జమునకు మిక్కిలి దగ్గఱ; గాంధారము రిషభమునకు మిక్కిలి దూరము. ధైవత నిషాదములకు నడుమను ఆ దూరమే. కంఠమునకు ఇది మంచి సాధకము. చిన్నచేతికి మాత్రము వ్రేళ్లను బాగుగాఁ జాఁపవలసిన పని. మా బాలుఁడు వాయించినపుడెల్ల గాంధారమును, నిషాదమును దిగిపోవుచుండెను. "వీనికిఁ జెవి లేదు" అని కొందఱనిరి. వాని చెవికి లోపము లేదని పిమ్మటఁ దెలిసినది. వాఁడు పాడునపుడు ఆ గాంధారమే చక్కఁగాఁ బలుకుచుండెను.

చిక్కంతయు ఫిడేలు పొడవులో నున్నది. ఫిడేళ్లు ఒక్క కొలతవి గావు. పూర్ణ ఫిడేలు పొట్టపొడవు సుమారు 14 అంగుళములు. పిల్లలకై ముప్పాతిక, అర, పాతిక ఫిడేళ్లును, అంతకంటెఁ జిన్నవియుఁ గలవు. అర ఫిడేలనఁగా 7 అంగుళములని తలంపరాదు. ఆ పేళ్లు లెక్కకు సరిపోవు. దాని పొట్ట పండ్రెండున్నర అంగుళముల మేరకుండును. ముప్పాతికది పదుమూఁటికిఁ గొంచె మెక్కువ. చూచుట కిది స్వల్పభేదము. కాని తంత్రిపై ప్రతి స్వరస్థానమును ఆ మేరకు దగ్గఱకు జరుగును గనుక, చిన్నవ్రేళ్లకు ఆ భేదమే చాలును. తాతగారి ఫిడేలు పూర్ణ ఫిడేలు.

తక్కిన వాద్యములలోను ఇట్టి లెక్కలు వేఱువేఱుగాఁ గలవు. వీణ సుమారు నాలుగడుగుల పొడవు. 24 మెట్లు, వాయించు తంత్రులు నాలుగు, తాళమునకు మూఁడు. బొబ్బిలి పనివారు పనసమ్రానిని ఒక్కటిగాఁ దొలిచి చేయు ఏకాండి వీణను ఒడిలోఁ జేర్చుకొనుటకే పిల్లలకు మోకాళ్లు చాలవు. తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించుటకు ఎడమచేతి వ్రేళ్లు గట్టిపడవలెను. అంతవఱకు నొప్పి తప్పదు. పిల్లనగ్రోవికి వ్రేళ్లుంచు రంధ్రము లెనిమిది. శ్రుతి తగ్గినకొలఁది గ్రోవి పొడవై రంధ్రములు ఎడమగును గనుక, చిన్నవారు పొట్టి గ్రోవితో నారంభించి, ఎదిగినకొలఁదిఁ బెద్దదానికి మాఱుదురు. ఒక్కొక్క మార్పునందును కొన్నాళ్లు వెనుకకుఁ బోయినట్లే యుండును.

ఇంక వయస్సు. లోకమున బాలవిద్వాంసుల వయస్సులు ఎట్లు చెప్పఁబడినవో చూచినచో మన పిల్లల విచారణకుఁ గొంచెము నవ్వు వచ్చును. 1764లో లండను పత్రికా ప్రకటనలో మోజార్టు ఏడేండ్లవాఁడనియు, ఆయన యక్క పదునొకండేండ్లదనియు నచ్చువేయఁబడెను. నిజమున కప్పటికి వాని కెనిమిది, ఆమెకుఁ బండ్రెండు నిండినవి. ఆ బాలుని బరీక్షించిన డెయిన్స్ బారింగ్టన్ అను నాయన సందేహము తీఱక, సాల్జుబర్గునుండి జనన రిజిస్టరు ప్రతి తెప్పించుకొని, ఆ తరువాతనే రాయల్ సొసైటీకిఁ దన నివేదికను సమర్పించెను. 1778లో కొలోను పట్టణమున బీథోవెను మొదటి కచ్చేరి చేసినపుడు తండ్రి వానికి ఆఱేండ్లని ప్రకటించెను; వానికి ఏడు నిండియుండెను. తండ్రులు బిడ్డల యీడును ఒక్కొక్క యేఁడు తగ్గించి చెప్పుకొనుట నాఁడే కలదన్నమాట.

మన దేశమున అట్టి తగ్గింపు అవసరము లేనివారును గలరు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ యెనిమిదవ యేఁట విజయవాడలోఁ గచ్చేరి చేసెను. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడలోఁ బ్రథమ కచ్చేరి చేసెను. అయితే మొదటివాని తండ్రి సంగీతోపాధ్యాయుఁడు, తల్లి వీణ వాయించునది. రెండవవాఁడు ఆఱవ యేఁటఁ బట్టినది తండ్రి మాండొలినునే. ఇట్టి యిండ్లలోఁ జెవికిఁ జదువు ఎన్నఁడు మొదలైనదో యెవరు చెప్పఁగలరు? సెల్లో వాద్యమునకు జగత్ప్రసిద్ధుఁడైన పాబ్లో కసాల్స్ దానిని మొదట వినినది పదునొకండవ యేఁట. అప్పటికే వానికి పియానో, ఫిడేలు పరిచయములే. వానిని మన వసారాలో నిలిపి "ఎన్నవ యేఁట?" అని యడిగినచో ఏ సమాధానము నిజమగును?

చిన్ననాఁటనే మొదలుపెట్టినందున లాభమే లేదని మేమనము. ఏ ఆధారస్వరము వినకయే, చెవినిఁ బడిన స్వరము ఫలానా యని చెప్పఁగల శక్తి చాలమట్టుకు ఆఱేడేండ్లలోపల నేర్వనారంభించినవారిలోనే కానవచ్చును. కాని మన సంగీతమున షడ్జమును మనకుఁ దగినచోట నిలుపుకొందుము గనుక, ఆ శక్తి లేనందున ఎవరికిని లోటు లేదు. పాడు మగపిల్లలకు మఱియొక చిక్కు గలదు. పండ్రెండు పదునాలుగేండ్ల నడుమ గొంతు మాఱి, శ్రుతి చాల దిగిపోవును. నిరుటివఱకుఁ గ్రొత్తవారినిఁ జూచి నవ్విన గాయకుఁడు ఆ నెలలలోఁ దన పాతపాట తానే పాడలేఁడు. వానిని ఏ వయస్సుతోఁ బోల్చుదురు?

"ఎంతవఱకు?" అను ప్రశ్న మఱింత మోసకరము. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు, కీర్తనలు అను క్రమమును మెట్లవలె నెంచి, ఎవఁడు ఏ మెట్టున నున్నాఁడో చూతురు. కాని పాఠము చెప్పించుకొనుట వేఱు, పాఠము వచ్చుట వేఱు. ఒక్క సరళీస్వరమునే శ్రుతి చెడక మూఁడు కాలములలో వాయించి, మరల మొదటి కాలమునకుఁ దాళము జాఱకుండ దిగఁగల వాఁడు, మొదటి కాలముననే వర్ణము నీడ్చువానికంటె ముందున్నాఁడు. పాశ్చాత్య సంగీత పరీక్షలలో ఎనిమిది గ్రేడులు గలవు. పిల్లలు "నే నైదవ గ్రేడు" అని చెప్పుకొందురు గాని, ఆ పరీక్షలకు వయోనియమమే లేదు. ఒకే బల్లయొద్ద తొమ్మిదేండ్ల బాలికయు, నలువదియేండ్ల గుమాస్తాయుఁ గూర్చుండవచ్చును.

ఈ విషయమున శాస్త్రజ్ఞులు చేసిన యొక పరిశీలన చెప్పఁదగినది. 1993లో ఎరిక్‌సన్ అను నాయన తోడివారితోఁ గలిసి, బెర్లినులోని సంగీత కళాశాల ఫిడేలు విద్యార్థులను మూఁడు తరగతులుగా విభజించి చూచెను. మూఁడు తరగతులవారును సగటున ఎనిమిదవ యేఁట ప్రాంతముననే ఆరంభించినవారు. భేదమెల్ల సాధకపు గంటలలోఁ గనఁబడెను: 18 ఏండ్లు వచ్చునప్పటికి మేటివారు సగటున 7,410 గంటలు, రెండవవారు 5,301, మూఁడవవారు 3,420. ఇది విని "గంటలే సర్వము" అని లోకము కేకలు వేసినది. 2019లో ఇరువురు ఆ పరిశీలననే మరలఁ జేయఁగా, మూఁడవవారు వెనుకఁబడినమాట నిజమే గాని, రెండవవారి సాధకము మేటివారికేమియుఁ దీసిపోలేదు. గంటలు కావలెను, గంటలతో అన్నియుఁ దీఱవు. తక్కిన దేమో ఒక్క మాటలోఁ జెప్పువానిని మేము నమ్మము.

మా బాలుని తల్లికిఁ జెప్పవలసినది అంతకంటెఁ జిన్నదే. సంగీతోపాధ్యాయులు ఆ ఫిడేలును చూచి, వాని ఎడమచేతినిఁ దంత్రిపై నిలిపి, వ్రేళ్లు సాఁగుట లేదని మాకుఁ జూపిరి. వెదకఁగా ఒక పాత ముప్పాతిక ఫిడేలు దొరకినది. దాని బిరడలు జాఱుచుండెను గాని, సుద్దపొడి రాచి సరిచేసిరి. మొదటినాఁడే గాంధారము స్థానమునకు వచ్చెనని వ్రాసినచో అబద్ధమగును. మూఁడు వారములు పట్టెను. ఇప్పుడు వాఁడు అలంకారములు వాయించుచున్నాఁడు. ఆ బాలిక గీతములు మొదటికి వచ్చి, వీణ నేర్చుకొనుచున్నది. తాతగారి ఫిడేలు పెట్టెలో బీరువాపైన నున్నది. దాని నెప్పుడు దించవలెనో యని ఆ తల్లి నెల కొకసారి వాని చేయి పట్టి కొలిచి చూచుచున్నదఁట.