ట్రాక్టరు ట్రక్కుల వెనుకదీపములు

మాసూళ్ల కాలమున చీకటిపడిన పిదప బందరు రోడ్డుమీద ధాన్యపు బస్తాలతో సాగు ట్రక్కులలో వెనుకదీపము వెలుగనివి పెక్కు కనబడుచున్నవి. మంచు కురియువేళ వెనుకవచ్చు లారీ నడుపువారికి అట్టి ట్రక్కు మీదికి వచ్చువరకు కానరాదు. దీపము వెలుగనిచో మన రైతులు మొదట బల్బును మార్చుదురు. అది తరచుగా వృథావ్యయమని మా యభిప్రాయము.

బ్యాటరీనుండి 12 వోల్టుల విద్యుత్తు తీగవెంట దీపమునకు పోయి, ఇనుపచట్రముగుండ మరల బ్యాటరీకి చేరవలయును. ఈ తిరుగుదారినే ఎర్తు అందురు. చేలబురదయు, తుప్పును పట్టినచో ఈ దారి చెడును. బ్రేకు త్రొక్కగా వెనుకదీపము మందగించినను, ఇండికేటరు వేయగా దానితోపాటు బ్రేకుదీపమును మిణుకుమన్నను, దోషము చాలవరకు ఎర్తులోనిదే.

పరీక్ష సులభము. పొడవైన తీగయొక్క ఒకకొనను బ్యాటరీ నెగెటివునకు కట్టి, రెండవకొనను దీపముయొక్క లోహపు గూటికి ఆనింపుడు. వెంటనే వెలిగెనా, సందేహము తీరినది. ఎర్తుతీగ బిగించుచోట ఉప్పుకాగితముతో తోమి, లోహము మెరసిన పిదప బిగించి గ్రీజు పూయవలయును. ట్రక్కు తగిలించు కొక్కెముద్వారానే ఎర్తు వచ్చునని నమ్మరాదు. అది వదులుగా కదలుచుండును. ప్రత్యేకముగా తీగ వేయించుట మేలు.

అప్పటికిని వెలుగకున్న, ప్లగ్గు పిన్నులకు చిలుము పట్టెనేమో, కొట్టములో ఎలుకలు తీగను కొరికెనేమో చూడవలెను. ఫ్యూజు పోయినచో రాగితీగ చుట్టుట కొందరి అలవాటు. తీగలు ఎక్కడనో కలిసిననే ఫ్యూజు పోవును; రాగితీగ చుట్టినచో కాలునది ఫ్యూజు గాదు, తీగయే. పైన వరిగడ్డి యున్నచో చెప్పవలసినదేమున్నది!

వెనుకనున్న ఎర్ర రిఫ్లెక్టర్లను బురద తుడిచి యుంచుడు. దారిలో దీపము చెడినను, వెనుకబండి వెలుగునకు అవి మెరయును.