కణానికి పొరే కాపలా: విరేచనాల్లో ప్రాణం నిలిపే ఉప్పు, చక్కెర

ఆరోగ్యం అంటే ఏమిటని యునానీ వైద్యుణ్ణి అడిగితే ఒక్క మాటలో జవాబు చెబుతాడు: ‘ఏతిదాల్’. అంటే సమతూకం. వేడి, చలువ, తడి, పొడి అనే నాలుగు గుణాలు ఎవరి శరీరానికి తగిన పాళ్ళలో వారిలో ఉండటమే ఆరోగ్యం. ఆ తూకాన్ని కనిపెట్టుకుని ఉండే శక్తికి మావాళ్ళు పెట్టిన పేరు ‘తబీయత్’. బయట ఎండ మండినా, చలి కొరికినా, ఉప్పు తిన్నా, తీపి తిన్నా లోపలి తూకం చెడకుండా చూసేది ఆ తబీయతే.

పాత హకీములకు సూక్ష్మదర్శిని లేదు. కణం అనేది ఒకటుందని కూడా వారికి తెలియదు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చిన్న చిన్న గదుల్ని చూసి వాటికి పేరు పెట్టిన తరువాతే ఆ సంగతి లోకానికి తెలిసింది. ఆ తూకం ఎక్కడ, ఎలా నిలుస్తుందో ఇప్పుడు మనం వివరంగా చెప్పగలం. కణం చుట్టూ ఉండే పలచటి పొర దగ్గరే ఆ పని మొదలవుతుంది. ఇంట్లో పిల్లవాడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్న రోజున ఈ సంగతి ప్రతి తల్లికీ పనికొస్తుంది. అందుకే ఈ వారం ఈ విషయం ఎంచుకున్నాను.

పొర ఎంత పలచన?

కణపు పొర మందం సుమారు 7 నుంచి 8 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు మందం రావాలంటే ఇలాంటి పొరలు లక్షకు పైగా పేర్చాలి. ఇది రెండు వరుసల కొవ్వు పదార్థంతో తయారవుతుంది. ఈ సంగతిని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రవేత్తలు తేల్చారు. నూనె, నీరు కలవవు కదా! అలాగే నీటిలో కరిగిన ఉప్పు, చక్కెర ఈ కొవ్వు పొరను వాటంతట అవి దాటలేవు. వాటి కోసం పొరలో అక్కడక్కడా మాంసకృత్తులతో చేసిన ద్వారాలున్నాయి. ఏ ద్వారం గుండా ఏది పోవాలో ఖాయంగా ఉంటుంది. నీటికి కూడా వేరే ద్వారాలున్నాయి. వాటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మాగాయ చెప్పే పాఠం

నీటికి ఒక స్వభావం ఉంది. ఉప్పయినా, చక్కెరయినా ఏవైపు చిక్కగా ఉంటే నీరు పొర దాటి అటువైపు పోతుంది. ఇది చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, మన వంటిల్లు చాలు. మాగాయకు మామిడి ముక్కలు తరిగి ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట దిగుతుంది. మనం చుక్క నీరు పోయలేదు. ముక్క బయట ఉప్పు ఎక్కువైంది కాబట్టి లోపలి నీరు బయటకు వచ్చింది. ఎండు ద్రాక్షను రాత్రి మంచినీళ్ళలో వేస్తే తెల్లారేసరికి ఉబ్బి ఉంటుంది. అక్కడ చిక్కదనం లోపల ఉంది కాబట్టి నీరు లోపలికి పోయింది.

మన కణాలకూ ఇదే గతి. ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్ళలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. చిక్కని ఉప్పునీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. అందుకే ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు సరిగ్గా 9 గ్రాముల ఉప్పు ఉంటుంది.

రేయింబవళ్ళు తోడే పంపు

కణం లోపల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బయట దీనికి తిరగబడి ఉంటుంది. బయట ఉండే సోడియం లోపలి దానికి సుమారు పది రెట్లు. లోపల ఉండే పొటాషియం బయటి దానికి సుమారు ముప్ఫై రెట్లు. ఈ తేడా దానంతట అది నిలవదు. పడవలోకి నీరు ఊరుతుంటే తోడిపోస్తున్నట్టు, పొరలో ఉన్న ఒక పంపు లోపలికి చొరబడిన సోడియంను నిరంతరం బయటకు తోడుతూ ఉంటుంది. ఒక్కొక్క దఫాకు మూడు సోడియం అణువులను బయటకు పంపి, రెండు పొటాషియం అణువులను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ దీని గుట్టు 1957లో చెప్పారు. నలభై ఏళ్ళకు, 1997లో, ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. మనం కదలకుండా పడుకున్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ పంపుకే పోతుందంటే దాని పని ఎంతటిదో ఊహించండి.

మా గ్రంథాల్లో ప్రతి అవయవానికీ నాలుగు శక్తులు చెప్పారు. కావలసింది లాక్కునేది జాజిబా, లాక్కున్నదాన్ని పట్టి ఉంచేది మాసికా, దాన్ని అరిగించేది హాజిమా, అక్కర్లేనిది గెంటేసేది దాఫియా. గాలెన్ కాలం నుంచి వస్తున్న మాట ఇది. కణపు పొర గురించి చదివినప్పుడల్లా నాకు ఈ నాలుగూ గుర్తొస్తాయి. పెద్దలు ఇదంతా ముందే కనిపెట్టారని నేను అనను. వారు అవయవం దగ్గర గమనించిన గుణాన్ని నేటి శాస్త్రం కణం దగ్గర కొలిచి చూపింది. అంతవరకే చెప్పడం న్యాయం.

హైజాలో జరిగేది

కలరాను మేము ‘హైజా’ అంటాం. కలరా క్రిమి పేగు గోడను చీల్చదు, పుండు చేయదు. అది ఒక విషాన్ని వదులుతుంది. ఈ సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే అనే వైద్యుడు రుజువు చేశారు. ఆ విషం పేగు కణపు పొర మీద వాలి, క్లోరైడ్ ద్వారాన్ని మూయనివ్వకుండా చేస్తుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, దాని వెంట సోడియం, ఆ ఉప్పు వెంట నీరు పోతాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. మాసికా ఓడిపోయి దాఫియా విజృంభించిందని మా భాషలో అంటాం.

అయితే అన్ని ద్వారాలూ చెడవు. సోడియం, గ్లూకోజు జోడీగా లోపలికి పోయే ద్వారం ఒకటుంది. ఒక గ్లూకోజు వెంట రెండు సోడియం అణువులు పోతాయి. ఈ జోడీ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పారు. కలరా విషం ఈ ద్వారం జోలికి పోదు. ఉప్పు, చక్కెర తగిన పాళ్ళలో కలిపి తాగిస్తే రెండూ కలిసి ఆ ద్వారం గుండా లోపలికి పోతాయి. వాటి వెంట నీరూ పోతుంది. ఉత్త నీళ్ళు తాగిస్తే ఈ మేలు జరగదు. ఉప్పు ఒక్కటే కలిపినా జరగదు.

బన్‌గావ్ శిబిరంలో

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఈ పద్ధతిని రోగుల మీద పరీక్షించి మంచి ఫలితం చూపారు. కానీ ఆసుపత్రి బయట, చదువురాని వారి చేతుల మీదుగా ఇది సాగుతుందా అని వైద్యులకు అనుమానం. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దున ఉన్న బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపించి, ఆ నీటిని రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు మూడు, నాలుగుకు దిగాయి. 1978లో లాన్సెట్ పత్రిక ఈ పద్ధతిని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చునని రాసింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

తీపి ఎక్కువైతే చేటు

మాగాయ పాఠం ఇక్కడ మళ్ళీ గుర్తు చేసుకోవాలి. పేగులో తీపి మరీ చిక్కగా ఉంటే నీరు ఒంట్లోకి పోదు సరికదా, ఒంట్లోని నీరే పేగులోకి దిగుతుంది. విరేచనం ఇంకా పెరుగుతుంది. అందుకే కూల్‌డ్రింకులు, పెట్టెల్లో అమ్మే పండ్ల రసాలు విరేచనాల్లో ఇవ్వకూడదు. చిక్కని షర్బత్‌లకూ ఇదే మాట. హకీమునై ఉండి షర్బత్ వద్దంటున్నానని నొచ్చుకోవద్దు. వాటి వేళ వేరు. ఒంట్లో నీరు నిలవని వేళ మొదటి మందు ఓఆర్ఎస్ నీళ్ళే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉండాలి. ఈ కొలతకు దూరమైన తీపి పానీయాలు కూడా ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద పట్టుదలగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేరులో ఓఆర్ఎస్ అనే మాట వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. మీరున్న ఊళ్ళో షాపువాడు కన్నడం మాట్లాడినా, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమున్న పొట్లం అడిగి తీసుకోండి.

ఇంట్లో చేయవలసినవి

• పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే మొత్తం పొట్లం కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అంటూ అంచనాతో కలపవద్దు. కాచి చల్లార్చిన నీళ్ళయితే మంచిది. 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలపండి.

• పొట్లం దొరకకపోతే లీటరు మంచినీటిలో తలగొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు కొలత మించితే పసిపిల్లల మెదడు కణాలకే ముప్పు. ముందుగా మీరు రుచి చూడండి. కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు.

• చిటికెడు ఉప్పు వేసిన పలచటి గంజి కూడా మంచిదే. తమిళులు కంజి అన్నా, ఒడియా వారు, మరాఠీలు పేజ అన్నా అదే. బియ్యపు పిండిపదార్థం అరిగి గ్లూకోజుగా మారి అదే ద్వారం గుండా ఉప్పును తీసుకుపోతుంది.

• రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పదేళ్ళ లోపు వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా చెంచాతో పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మరింత నిదానంగా పట్టండి.

• తల్లిపాలు, మామూలు ఆహారం ఆపకూడదు. పిల్లలకు జింకు మందు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. మోతాదు వైద్యుణ్ణి అడగండి.

• గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వైద్యుడి సలహాతోనే ఈ నీళ్ళు తాగాలి.

కళ్ళు లోతుకు పోయినా, చర్మం పట్టి వదిలితే నిదానంగా సర్దుకున్నా, పిల్లవాడు మగతగా ఉండి తాగలేకపోయినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇంటి వైద్యం చాలదు. నా దగ్గరికీ రావద్దు. నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిపొడుగునా చెంచాతో ఆ నీళ్ళు పడుతూనే ఉండండి.